అడుగు లేని టెంటు మనకొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఒంటరిగా దూరాలు నడిచేవాళ్ల కోసం తేలికపాటి టెంట్ల మీద ఒక పేజీ వేశారు. తెలుగు పేపర్లో ఇలాంటివి రావడమే తక్కువ, అందుకు సంతోషం. కానీ అందులోని పట్టిక చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. టెంట్లన్నిటినీ బరువు ప్రకారం వరసబెట్టి, అన్నిటికంటే పైన నాలుగు వందల గ్రాముల దాన్ని పెట్టి, కొత్తగా నడక మొదలుపెట్టేవాళ్లకు కూడా ఇదే మేలని రాశారు. బొమ్మలో బాగా చూడండి. దానికి అడుగు లేదు, చుట్టూ వల లేదు. మూలలు లాగి కట్టే ఒక పట్టా, అంతే. దోమా పామూ తిరగని చలికొండల్లో అది చాలు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నేల మీద పడుకోబోయే మనిషికి దాన్ని చూపించడం మాత్రం నాకు మింగుడు పడలేదు.

నేను కావలి ట్రంకు రోడ్డు పక్కన లారీ పట్టాలు కుట్టే దర్జీని. మా నాన్న మైనం పట్టించిన నూలు పట్టాలు కుట్టేవాడు. ఇప్పుడు నా చేతిలోకి వచ్చేవన్నీ నైలాన్, ప్లాస్టిక్. లారీలవీ, కళ్లంలో వడ్ల మీద కప్పేవీ, రొయ్యల గుంటల దగ్గర షెడ్లకు వేసేవీ. కొన్నేళ్లుగా వీటితోపాటు టెంట్లు కూడా వస్తున్నాయి. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేసే మా ఊరి పిల్లలు హిమాలయాలకనీ సహ్యాద్రి కొండలకనీ పోయి వచ్చి, పండక్కి ఇంటికొచ్చినప్పుడు చిరిగినవీ కారేవీ తెచ్చి నా మిషన్ ముందు పడేస్తారు. కొన్నచోట రిపేరు చేసే దిక్కు ఉండదు కదా. నాకు కూడా తిరుమల కొండకు నడిచిపోయే అలవాటుంది. కాబట్టి గుడ్డ సంగతీ నడక సంగతీ రెండూ కాస్త తెలిసినవాడిగానే రాస్తున్నాను.

మన పల్లెల్లో కట్లపాము పేరు వినని ఇల్లుండదు. అది పగలంతా ఎక్కడో నక్కి ఉండి రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి చేరుతుంది. కరిచినా చాలామందికి నొప్పి తెలియదు, వాపు కూడా పెద్దగా ఉండదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి, మింగుడు పడదు, ఊపిరి అందదు. అందుకే డాక్టర్లు మంచం మీద పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందకి దోపుకోండి అని చెబుతుంటారు. టెంటుకూ అదే లెక్క. అడుగు పట్టా, వల గోడలు ఒకదానికొకటి కుట్టేసి ఉండాలి. అడుగు అంచులు నాలుగు పక్కలా జానెడైనా పైకి లేచి ఉండాలి. తలుపు జిప్పు మూల దాకా పూర్తిగా పడాలి, మధ్యలో వేలు దూరే సందు ఉండకూడదు. ఈ ఏర్పాటుకు ఇంకో మూడు నాలుగు వందల గ్రాములు పెరుగుతుంది. పెరగనీండి. అవి మోయలేనివాడు అసలు బయలుదేరకపోవడమే నయం.

మీ వ్యాసంలో ఎమ్మా గేట్‌వుడ్ పేరు రాలేదు గానీ, తేలిక బరువుతో నడిచేవాళ్లంతా ఆమెను తలుచుకుంటారని మా పిల్లలు చెబుతారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు పల్లెటూరి ఆవిడ. 1955లో, 67 ఏళ్ల వయసులో, అపలాచియన్ ట్రయల్ మొత్తాన్ని ఒక్కతే నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు కొండదారి. ఆమె దగ్గర టెంటు లేదు. భుజాన ఒక సంచి, కాళ్లకు మామూలు గుడ్డ బూట్లు, వానకు బాత్రూంలో వేలాడదీసే ప్లాస్టిక్ కర్టెన్. ఆ తల్లికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ దారిలో అక్కడక్కడా తలదాచుకునే చెక్క షెడ్లున్నాయి, కట్లపాములు లేవు. ఆమె చేసింది గొప్ప పని. అది చూసి మనం ఇక్కడ టెంటు ఎంచుకోలేం.

ఇక తడి సంగతి. "మామా, పైన కారతా ఉండాది, యాడినించో తెలీడంలా" అని తెచ్చే టెంట్లలో చాలావాటికి నిజానికి ఏ రోగమూ ఉండదు. దుకాణం ముందు వేసి బకెట్లతో నీళ్లు కొడితే లోపల చుక్క దిగదు. అవన్నీ ఒకే పొర టెంట్లు. మనిషి నిద్రలో ఊపిరితో, చెమటతో గ్లాసుడు నీళ్లకు పైగానే గాల్లోకి వదులుతాడు. ఆ ఆవిరి బయటకు పోయే దారి లేకపోతే చల్లబడిన పైగుడ్డ లోపలి వైపు పట్టి, తెల్లవారుజామున మొహం మీద కారుతుంది. ధనుర్మాసంలో మన దగ్గర మంచు ఎలా కురుస్తుందో తెలిసిందే కదా. గాల్లో ముందే తేమ నిండి ఉంటుంది. అలాంటి రాత్రి ఒకే పొర టెంటులో పడుకుంటే దుప్పటి తడవక మానదు. తేలిక టెంట్లలో బరువు తగ్గించడానికి మొదట తీసేసేది ఈ రెండో పొరనే. కొనేవాడికి ఆ మాట ఎవరూ చెప్పరు.

కాబట్టి లోపల వల, పైన వాన పొర, మధ్యలో బెత్తెడు ఖాళీ ఉన్న రెండు పొరల టెంటే మనకు సరైనది. నీళ్లు పట్టినా పై పొరకు పడతాయి, జారి బయటికి పోతాయి, వల మనకూ దానికీ అడ్డం ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పై పొర తీసేసి వల ఒక్కటే నిలబెట్టుకుంటే సముద్రపు గాలి ఇటునుంచి అటు పోతుంది. లోపలి గోడలు సగం దాకా మందం గుడ్డతో ఉన్నవి చలిదేశాల కోసం చేసినవి, మనకు ఉక్క పోస్తాయి. అడుగంచు దాటాక పైనంతా వలే ఉన్నది తీసుకోండి.

ఇక్కడే ఒక చిక్కుంది. వల ఒక్కటే నిలబడే టెంట్లలో ఎక్కువభాగం ముందు వల వేసి, తర్వాత పై పొర కప్పేవి. వాన పడుతుండగా వేయాల్సి వస్తే పై పొర కప్పేలోపు లోపల మడుగు కడుతుంది. నెల్లూరుకు ఏడాది వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. కార్తీకంలో, మాలలు వేసుకునే రోజుల్లో మనవాళ్లు నడిచేది కూడా సరిగ్గా అప్పుడే. ముందు పై పొర నిలబెట్టి, దాని కింద కూర్చుని వల తగిలించుకునే రకం అయితే ఈ బాధ ఉండదు. రెండు విధాలుగానూ వేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. కెనడాకు చెందిన డాన్ డర్‌స్టన్ అనే దూరపు నడకల మనిషి గీసిన ఎక్స్-మిడ్ టెంటు అలాంటిదే. నడక కర్రలు రెండింటి మీద నిలబడుతుంది, పై పొర ముందు లేస్తుంది, కావాలంటే వల ఒక్కటే కూడా వేసుకోవచ్చు. గుడ్డ పాలిస్టర్. ఒక మనిషిది ఎనిమిది వందల గ్రాముల అటూ ఇటూ. అదే కొనమని నేను చెప్పడం లేదు, విదేశం నుంచి తెప్పిస్తే సుంకంతో కలిపి తడిసి మోపెడవుతుంది. అయితే ఏ టెంటు ముందుకెళ్లినా దుకాణంలో మొదట అడగాల్సింది మాత్రం ఇదే: వానలో దీన్ని ఎలా వేస్తారు? వేసి చూపించమనండి.

గుడ్డ గురించి మీ వ్యాసంలో 15 డెనియర్, 20 డెనియర్ అని అంకెలు వేసి వదిలేశారు. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే 15 డెనియర్ దారం తొమ్మిది కిలోమీటర్లు పరిచినా 15 గ్రాములే. అంత సన్నటి దారంతో నేసిన గుడ్డ అది. దాన్ని లారీ పట్టా కుట్టే పద్దెనిమిదో నంబరు సూదితో కుడితే ప్రతి పోటుకూ ఒక బొక్క మిగులుతుంది. పదకొండో నంబరు సూదీ, సన్నటి పాలిస్టర్ దారమూ వాడాలి. దుకాణంలో టెంటు చూసేటప్పుడు పైకప్పు మధ్య కుట్టును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. సూది పోట్ల దగ్గర చుక్కలు చుక్కలుగా వెలుగు కనిపిస్తే అక్కడ వాన దిగుతుంది. గుడ్డ అంచులు రెండూ ఒకదానిలో ఒకటి మడిచి, రెండు వరసలు కుట్టి ఉండాలి. ఊరికే అంచుకు అంచు పెట్టి ఒక వరస కుట్టింది అయితే అక్కడే పెట్టి వచ్చేయండి. ఆ మధ్య కుట్టు తిన్నగా ఉందా, కొంచెం లోపలికి వంపు తిరిగి ఉందా అని కూడా చూడండి. వంపుగా కోసి కుట్టిన గుడ్డ లాగి కడితే ఎక్కడా వదులు లేకుండా బిగుసుకుంటుంది, గాలికి టపటపా కొట్టుకోదు. తిన్నగా కోయడం సులువు, గుడ్డ కూడా వృథా పోదు. అందుకే చవక టెంట్లన్నీ తిన్నగా ఉంటాయి.

నైలాన్‌కూ పాలిస్టర్‌కూ ఉన్న తేడా వానలో బయటపడుతుంది. నైలాన్ నీళ్లు పీల్చుకుని సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టింది అర్ధరాత్రికి వేలాడి వలకు ఆనుతుంది, లేచి తాళ్లు మళ్లీ బిగించాలి. పాలిస్టర్ అంత సాగదు, ఎండకు కూడా నైలాన్ కంటే ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. నైలాన్ మేలు ఏమిటంటే అదే సన్నదనంలో చిరుగుకు గట్టిగా నిలబడుతుంది. మన వానకూ ఎండకూ నా ఓటు పాలిస్టర్‌కే. డైనీమా అని ఇంకోటుంది. పడవ తెరచాపల కోసం పుట్టిన గుడ్డ, నీళ్లు పీల్చదు, సాగదు, చేతిలో ఉన్నట్టే తెలియదు. దాంతో కుట్టిన టెంట్లు అమెరికాలోనే ఐదారు వందల డాలర్ల పైమాట. తుమ్మ ముల్లు గుచ్చుకునే మన నేలలో అంత డబ్బు పరిచి పడుకోవడం ఎవరి ఇష్టం వారిది.

అన్నిటికంటే మీరు వదిలేసిన పెద్ద విషయం లోపలి పూత. పోయిన సంక్రాంతికి ఒక కుర్రాడు టెంటు తెచ్చాడు. బెంగళూరులో కొన్నది, మంచి ధర పెట్టాడు, వాడింది తక్కువే. కావలిలో వాళ్లింటి అటక మీద, రేకుల కింద, మూట కట్టినట్టే ఉంచాడు. నా బల్ల మీద పరిచి విప్పబోతే గుడ్డ గుడ్డకు అంటుకుని పరపరమని వస్తోంది. లోపలి వైపు వేలు పెడితే బంక. వాసన చెప్పాలంటే, వాంతి వాసన. కుట్ల మీద అతికించిన టేపు గోరు తగిలిస్తే చాలు, పట్టీ పట్టీగా లేచి వచ్చేసింది. "వారంటీ అడిగితే ఇది మా తప్పు కాదన్నారు మామా" అన్నాడు. వాళ్ల తప్పా కాదా అన్నది పక్కన పెడితే, జరిగిందేమిటో చెబుతాను. చాలా టెంట్లకు లోపల పాలీయురెథేన్ పూత ఉంటుంది. వేడి, తేమ రెండూ కలిస్తే ఆ పూత విరిగి జిగురవుతుంది. చలిదేశంలో ఏళ్లకేళ్లు ఆగే పూత మన కోస్తా ఉక్కలో రేకుల కింద చాలా ముందే పోతుంది. ఒకసారి జిగురు పట్టాక నా దగ్గర మందు లేదు. దాని జిప్పు రన్నర్లు, కొక్కేలు, అల్యూమినియం రాడ్లు తీసి ఇచ్చి, గుడ్డ పారేయమన్నాను.

రెండు వైపులా సిలికాన్ పట్టించిన గుడ్డకు ఈ జబ్బు రాదు. అయితే దాని మీద మామూలు టేపు అంటుకోదు, కాబట్టి కుట్లకు మనమే సీలు వేసుకోవాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే రంగు లేని సిలికాన్ సీలెంటును మినరల్ టర్పెంటైన్‌లో పలచగా కలిపి, సన్న బ్రష్‌తో కుట్టు వెంబడి బయటి వైపు పూస్తే సరిపోతుంది. ఒక రాత్రి ఆరాలి, తర్వాత కాస్త పౌడరు చల్లితే అంటుకోదు. సిలికాన్ గుడ్డకు సిలికానే పట్టాలి, పాలీయురెథేన్ పూతకు దాని సీలరే వేయాలి. తారుమారు చేస్తే పెచ్చులూడుతుంది. గుడ్డ ఏదైనా, తడిసిన టెంటును మూట కట్టి పడేయొద్దు. ఇంటికి రాగానే నీడలో దండెం మీద ఆరేసి, పూర్తిగా ఆరాక వదులుగా గుడ్డ సంచిలో పెట్టి, ఇంట్లో చల్లటి చోట ఉంచండి. సర్ఫులో నానబెట్టడం, వాషింగ్ మెషిన్‌లో తిప్పడం అసలు చేయకండి.

లేబుల్ మీద 1500, 3000, 5000 మిల్లీమీటర్లు అని ఉంటుంది. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే ఎంత ఎత్తు దాకా కిందికి దిగకుండా ఆపుతుందో ఆ లెక్క. పై పొరకు 1500 ఉంటే మామూలు వానకు చాలు. అడుగు పట్టాకు అంతకు రెట్టింపైనా ఉండాలి. వాన చుక్క కంటే మన మోకాలు గుడ్డను గట్టిగా నొక్కుతుంది కాబట్టి కింద తడి నేల ఉంటే నీళ్లు అక్కడే పైకి వస్తాయి. ఆ అంకె కూడా కొత్త గుడ్డది. వాడేకొద్దీ తగ్గుతుంది.

నడక కర్రల మీద నిలబడే టెంట్లు తేలికైనవే, నాకూ ఇష్టమే. వాటికి రాడ్లు ఉండవు, మన చేతికర్రే స్తంభం. కానీ వాటి ప్రాణమంతా మేకుల్లో ఉంటుంది. మేకు ఊడితే టెంటు కూలుతుంది. మా తుమ్మలపెంట సముద్రపొడ్డు ఇసుకలో ఆ సన్నటి మేకులు వెన్నలో దిగినట్టు దిగి, అంతే సులువుగా పైకి వస్తాయి. అక్కడ మేకును నిలువుగా దిగేయకుండా, తాడు దాని నడుముకు కట్టి అడ్డంగా మూరెడు లోతున పాతి, పైన ఇసుక తొక్కాలి. చిన్న సంచిలో ఇసుక నింపి పాతినా ఆగుతుంది. మార్కాపురం వైపు పోతే దీనికి పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ జానెడు మట్టి కింద పలకరాయి. మేకు దిగదు, కొడితే వంగుతుంది. అలాంటి చోట తాడును ఒక చిన్న రాయికి చుట్టి, దాని ముందు పెద్ద రాయి అడ్డం పెడితే సరిపోతుంది. అందుకోసం మూలల దగ్గర కట్టే తాళ్లు పొడుగ్గా ఉండాలి. కంపెనీలు గ్రాములు తగ్గించడానికి కురచ తాళ్లు, సూదుల్లాంటి మేకులు ఇస్తాయి. అవి మార్చుకోండి. ఉదయగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు ఎక్కువ తిరిగేవాళ్లయితే సొంత రాడ్ల మీద దానంతట అది నిలబడే టెంటు తీసుకోవడమే మంచిది. రాడ్లు అల్యూమినియంవి అయి ఉండాలి. ఫైబర్ రాడ్డు నిలువునా చీలిపోయి దాని పీచు అరచేతిలో దిగుతుంది.

మన పెద్దవాళ్లలో నడక కర్రలు వాడేవాళ్లు తక్కువ. అలాంటివాళ్లు కర్రల టెంటు కొంటే కర్రల బరువు, ఖర్చు అదనం. లేబుల్ మీద ఆ లెక్క ఉండదు. కాస్త గట్టి వెదురు కర్ర, నాలుగు అడుగుల చిల్లర ఎత్తుకు కోసుకుంటే అదీ పనిచేస్తుంది, పైగా దారిలో కుక్కలకు కూడా ఉపయోగం.

బరువు గురించి మీ పట్టికలో ఇచ్చిన అంకెలు కూడా సగం సగమే. కొన్నిటికి మేకులు, తాళ్లు, సంచి కలపకుండా వట్టి టెంటు బరువు వేశారు, కొన్నిటికి అన్నీ కలిపి వేశారు. పోల్చడానికి వీల్లేదు. నా మటుకు నాకు, అడుగూ వలా వాన పొరా మేకులూ అన్నీ కలిపి కిలోకు అటూ ఇటూగా, కిలోంబావు లోపు వస్తే ఒక మనిషికి బ్రహ్మాండమైన టెంటు. దానికంటే రెండు వందల గ్రాములు తగ్గించడానికి రెట్టింపు డబ్బు పెట్టే బదులు సంచిలోని రెండో జత ప్యాంటు ఇంట్లో వదిలేయొచ్చు.

పొడవు కూడా మోసమే. 210 సెంటీమీటర్లు అని రాసి ఉన్న ఒక టెంటును ఆరడుగులకు కాస్త తక్కువున్న కుర్రాడి కోసం నా దుకాణంలోనే వేసి టేపు పెట్టాం. నేల మీద నిజంగానే 210 ఉంది. అయితే గోడలు ఏటవాలు కదా, పరుపు ఎత్తు దగ్గర, అంటే తలా పాదాలూ ఉండే ఎత్తులో కొలిస్తే 185కు దిగింది. పడుకుంటే జుట్టు ఒక వైపు, కాళ్ల వేళ్లు ఇంకో వైపు గుడ్డకు ఆనుతున్నాయి. రాత్రి మంచు కురిస్తే రెండు చివరలా తడి. పొడుగువాళ్లు దుకాణంలో పడుకుని చూడకుండా కొనకండి. సిగ్గుపడితే తర్వాత వణకాల్సి వస్తుంది.

ఇంతా రాశాక ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. మనవాళ్లు నడిచే దారుల్లో చాలావాటికి అసలు టెంటే అక్కర్లేదు. కావలి నుంచి కొండకు పోవాలంటే నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. దారి పొడవునా గుళ్లు, సత్రాలు, కళ్యాణ మండపాలు. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. దానికి అడుగు కుట్టి ఉన్న, దానంతట అది నిలబడే దోమతెర, కింద పరుచుకునే పట్టా ఉంటే చాలు, టెంటులో సగం బరువు కూడా ఉండదు. హైవే పక్కన తెలియని చోట ఒంటరిగా టెంటు వేసుకుని పడుకోవడం మంచిది కాదు, లారీవాళ్లతో పనిచేసేవాడిగా చెబుతున్నాను, రాత్రిపూట రోడ్డు పక్కకు బండి దించేటప్పుడు డ్రైవరుకు మీ బూడిదరంగు టెంటు కనిపించదు.

అడవుల్లో ఇంకో సంగతి. దోర్నాల దాటి శ్రీశైలం వైపు అంతా నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. పెంచలకోన చుట్టూ పెనుశిల నరసింహ అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ రాత్రి మకాం వేయడం చట్టప్రకారం నేరం, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు. పులి సంగతి అలా ఉంచండి, ఎలుగుబంటికి మన 15 డెనియర్ గుడ్డ ఒక అడ్డమా? అనుమతి ఉన్నచోట కూడా ఎండిన వాగులో మెత్తగా ఉందని పడక వేయొద్దు. పైన వెలిగొండల్లో వాన పడితే ఇక్కడ చుక్క పడకుండానే నీళ్లు వచ్చేస్తాయి. తాటిచెట్టు కింద కూడా వద్దు. కాయ పడినా మట్ట పడినా టెంటు మిగలదు, తల మిగిలితే అదృష్టం.

మీకు నా విన్నపం ఒక్కటే. మళ్లీ ఇలాంటి పట్టిక వేసేటప్పుడు గ్రాముల పక్కనే ఇంకో నాలుగు గళ్లు పెట్టించండి: అడుగు కుట్టి ఉందా లేదా, పడుకునే ఎత్తులో లోపలి పొడవు ఎంత, వానలో ఏ పొర ముందు లేస్తుంది, లోపలి పూత సిలికానా పాలీయురెథేనా. ఈ నాలుగూ అమ్మేవాళ్లను అడిగితే చెబుతారు. చెప్పకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, సమాచారం ఇవ్వలేదని వేయండి. చదివేవాళ్లకు అదీ పనికొచ్చే సమాచారమే.

కార్తీకంలో బయలుదేరాలనుకునేవాళ్లు వినాయక చవితికల్లా టెంటు కొని, ఒక గట్టి వానకు మేడ మీద వేసి లోపల కూర్చుని చూడండి. కారినచోట బాల్ పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టుకుని తీసుకురండి. రేపు తెల్లవారుజామున ప్రయాణం అని ఈ సాయంత్రం తెస్తే నేను చేయగలిగేదేమీ లేదు, సిలికాన్ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది.

ఇట్లు,
పట్టాలు కుట్టే ఒక పాఠకుడు,
కావలి, నెల్లూరు జిల్లా.